బెర్తా కూర్చున్న ఇళ్ళు

గంజిలో ఎండుచేపలు వేసి ఉడికించాలి. అది చల్లారేలోగా వేడినీళ్ళలో పిండిన గుడ్డతో ఎడమ వెనక కాలికి కాపడం పెట్టాలి. తొడ నుంచి పాదం దాకా నిమిరి, మోకాలిని మెల్లగా ముడిచి చాపాలి. గోడకు ఆనించి నిలబెట్టి కూర్చోమనాలి, లెమ్మనాలి, మళ్ళీ కూర్చోమనాలి. చెరకు గడలు నేల మీద పరిచి ఒక్కొక్కటే దాటించాలి. వరిమడి నీళ్ళలో నడిపించాలి. ఎండ ముదరకముందే బజారు చుట్టి రావాలి. వస్తూ వస్తూ కగోయా చెప్పిన ఉప్పు తేవాలి. పెద్దాఫీసరు వచ్చే రోజు కాబట్టి బూట్లకు రంగు పూయాలి.

ఇందులో ఉప్పు పెళ్ళానిది, బూట్లు ఆఫీసరువి, తక్కినవన్నీ కుక్కవి. కానిస్టేబుల్ బాలికోవా తన కోసమని చేసుకోవలసిన పని ఆ ఉదయం ఒక్కటీ లేదు. ఉన్నా మరిచిపోయి ఉండేవాడు.

బుసాంబ పోలీసు ఠాణా వెనక, రేకుల వసారా కింద, ఆయన అప్పటికే గొంతుక్కూర్చుని బెర్తా కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. బెర్తా పోలీసు కుక్క. నిక్కబొడిచిన చెవులు, నల్లటి మూతి, కాస్త మాడిన రొట్టె రంగు వీపు. ఎడమ తొడ మీద డాక్టరు గొరిగిన చోట వెంట్రుకలు తిరిగి మొలిచాయి గాని, పక్కవాటితో పొత్తు కుదరక అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. బాలికోవా పొడవాటి మనిషి. మెడ సన్నం. యూనిఫాం కాలరులో ఆ మెడ, కుండలో వేసిన గరిటెలా అటూ ఇటూ ఆడుతుంది. అరచేతులు మాత్రం వెడల్పు. అవి కాలి మీద కదులుతుంటే బెర్తా కళ్ళు మూసుకుని, నడుమ నడుమ ఒక కన్ను తెరిచి, పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకునేది.

"చేపలు నిన్నటికన్నా ఎక్కువ వేశావు," అంది కగోయా పొయ్యి దగ్గర నుంచి. "నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"ఇవాళ పరీక్ష కదే."

"నీకు ప్రమోషన్ పరీక్ష పెట్టిన రోజున నేనూ చేపలు వండాను. కంపు కొడుతున్నాయని పక్కకి తోశావు."

"అందుకేగా తప్పాను."

కగోయా నవ్వు కనబడకుండా వంగి పొయ్యి ఊదింది.

పరీక్ష ఏమిటంటే, కుక్కల విభాగం నుంచి అకిరోర్ అనే ఆఫీసరమ్మ వస్తోంది. ఎక్కడో దాక్కున్న మనిషి జాడను బెర్తా వాసన పట్టాలి. ఊరంతా నడవాలి. మధ్యలో ఎక్కడా ఆగకుండా ఆ మనిషిని చేరాలి. చేరితే ఉద్యోగంలో ఉంటుంది. చేరకపోతే చావు సూది. కాలు చెడిన కుక్కకు ప్రభుత్వం గంజి పోయదు. ఆ మాట చెప్పేటప్పుడు ఠాణా అధికారి వాన్యామా కూడా బాలికోవా మొహం చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.

నిజానికి బాలికోవాకు కుక్కలంటే భయం. పోలీసు శిక్షణలో చేరిన కొత్తలో, కుక్కలంటే భయపడేవాళ్ళెవరో చెయ్యెత్తండి అన్నాడు శిక్షకుడు. బాలికోవా నిజాయితీగా చెయ్యెత్తాడు. తోటివాళ్ళు తెలివైనవాళ్ళు, చేతులు జేబుల్లోనే ఉంచుకున్నారు. చెయ్యెత్తినవాణ్ణి తీసుకెళ్ళి కుక్కలకు అప్పజెప్పారు. భయమున్నవాడైతే వాటిని కొట్టడు, పస్తు పెట్టడు అని ఆ శిక్షకుడి లెక్క. లెక్క తప్పలేదు. తోటివాళ్ళు సార్జెంట్లయ్యారు, ఇళ్ళు కట్టారు, పొట్టలు పెంచారు. బాలికోవా ఒక కుక్క తరవాత మరో కుక్కను పెంచాడు. మొదటిది ముసలిదైపోయింది. రెండోదాన్ని పాము కరిచింది. మూడోది బెర్తా. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ దారిలో ఊరకుక్క ఎదురైతే ఆయన నాలుగడుగులు వేసి బెర్తాకు అవతలి పక్కకు చేరతాడు.

కాలు విరిగిన సంగతి కూడా చెప్పాలి. మేకల దొంగ జాడలో పోతూ బెర్తా తారురోడ్డు దాటుతుండగా బాడుగకు తిప్పే బోడా మోటారుసైకిలు ఒకటి వచ్చింది. దాని మీద నడిపేవాడు, వెనక ఒక పెళ్ళికూతురి మేనత్త, ఇద్దరి మధ్యా అడ్డంగా ఒక తలుపు. కొత్త తలుపు. కొట్టింది ఆ తలుపే. బెర్తా కాలు రెండు ముక్కలైంది, తలుపుకు గీత కూడా పడలేదు. మేనత్త మాత్రం నా తలుపు, నా తలుపు అని రోడ్డు మీద గగ్గోలు పెట్టింది. బాలికోవా ఆ తలుపునే నేల మీద పరిచాడు, కుక్కను దాని మీద పడుకోబెట్టాడు, బోడావాణ్ణి ఒక కొస పట్టుకోమన్నాడు. అలా మోసుకుంటూ పశువుల డాక్టరు తెన్యువా ఇంటి దాకా వెళ్ళాడు. వెనకాలే మేనత్త. ఆయన తన ఉద్యోగంలో అధికారం చూపించినది ఆ ఒక్కసారే.

తెన్యువా ఆవులకు వైద్యం చేసేవాడు. ఎముకలోకి కడ్డీ దించి, కుట్లు వేసి, చేతులు కడుక్కుంటూ, పోలీసువాళ్ళను అందరూ పిలిచినట్టే అఫండే అని పిలుస్తూ చెప్పాడు.

"ఎముక నేను అతికించాను. కాలు నువ్వు అతికించుకోవాలి. ముందు ఠాణా ఆవరణలో, తరవాత వీధిలో, ఆ తరవాత మిట్ట ఎక్కించు. ఒక్కటే గుర్తుపెట్టుకో అఫండే. వేగంగా నడిపావంటే మూడు కాళ్ళ మీద ఎగురుకుంటూ వచ్చేస్తుంది. నాలుగోదాన్ని మరిచిపోతుంది. నాలుగో కాలు మోపక తప్పదు అన్నంత నెమ్మదిగా నడవాలి."

అంతటి నెమ్మదిని బుసాంబలో అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు. పెళ్ళికూతుళ్ళు కూడా అంతకన్నా వేగంగా నడుస్తారు. ఒక పోలీసు, పక్కన పోలీసు కుక్క. ఏ ఇంట్లో ఏముందో చూసుకుంటూ పోతున్నట్టు అడుగు తరవాత అడుగు. ఏ పాపం ఎరగనివాడు కూడా ఇంట్లో సామాను ఒకసారి లెక్క చూసుకుంటాడు.

దానికి తోడు బెర్తాకు చిన్నప్పుడే నేర్పిన విద్య ఒకటుంది. జాడ పట్టి దొంగ ఇల్లు చేరాక అది మొరగదు, కరవదు, గుమ్మం ముందు కూర్చుంటుంది. పోలీసు కుక్క కూర్చున్న ఇంటి గురించి మా వైపు ఇక విచారణ ఉండదు. పక్కింటివాళ్ళే తీర్పు చెప్పేస్తారు. కాలు విరిగాక బెర్తా నొప్పి పుట్టినప్పుడల్లా కూర్చోవడం మొదలుపెట్టింది. ఎక్కడ నొప్పి పుడితే అక్కడ. వీధిలో నొప్పి పుడితే ఏదో ఒక గుమ్మం ముందేగా కూర్చోవాలి.

మొదటిసారి దర్జీ ఇసబిర్యే గుమ్మం ముందు కూర్చుంది. దర్జీ బయటికి వచ్చి కుక్కను చూశాడు. లోపలికి పోయి బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి బాలికోవా బూట్ల దగ్గర పెట్టాడు. "అడిగే తీసుకున్నాననుకున్నాను అఫండే. అడగడం మరిచిపోయినట్టున్నాను," అన్నాడు. ఆ తరవాత ఒక ఇంట్లోంచి మిషన్ బడి గంట బయటికొచ్చింది. అది పోయినప్పటి నుంచి ఆ బడి పిల్లలను ఎప్పుడు వదలాలో తెలియక అవస్థ పడుతోంది. ఇంకొకాయన హడలిపోయి నీళ్ళ డబ్బా తెచ్చి ఇవ్వబోతే, అది మనదేనయ్యా అని పెళ్ళాం చెయ్యి పట్టుకు లాగింది.

"దానికి కాలు నొప్పి, అంతే," అని బాలికోవా ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

"అవునవును, కాలు నొప్పే," అని ఊరంతా కన్ను కొట్టింది.

ఆ ఉదయం వరిమడిలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. బాలికోవా ప్యాంటు మడిచి ముందు దిగాడు, బెర్తా వెనక దిగింది. నీళ్ళు కాలి బరువును తామే మోస్తున్నట్టు అది తేలిగ్గా నడిచింది. గట్టు మీద నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు నడుములు నిలబెట్టి చూశారు. ఒడ్డెక్కి బెర్తా ఒళ్ళు విదిలించుకుంది. ఆ నీళ్ళన్నీ ఆయన చొక్కా మీదే పడ్డాయి.

బజారులో అరటిగెలల నైగాగా దూరం నుంచే కేక వేసింది.

"అఫండే! ఇవాళ ఎవరి వంతు?"

"ఎవరి వంతూ కాదమ్మా. నడకకు వచ్చాం."

"నడకా! మా ఆయనా రోజూ నడకకనే పోతాడు. ఆయన ఎక్కడ కూర్చుంటున్నాడో నీ కుక్కను కాస్త అడుగు."

"మీ ఆయన జాడకి కుక్క దేనికే," అంది పక్కన టమాటాల ఆమె. "రాత్రి తాగొచ్చిన వాసన ఇంకా నా కొట్టు దగ్గరే ఉంది."

"నీ కొట్టు దగ్గరెందుకుంది?" అంది నైగాగా.

అక్కడి నుంచి ఆ సంభాషణ బాలికోవా లేకుండానే సాగింది. ఆయన మెల్లగా తప్పుకున్నాడు. పోలీసువాడై ఉండీ గొడవలంటే ఆయనకు పడదు.

చర్చికి పోయే మిట్ట దగ్గర బెర్తా వెనక కాలు వణికింది. పోయిన వారం ఇక్కడే కూర్చుండిపోయింది. ఇవాళ కూర్చోలేదు. తల వంచి, నాలుగో కాలును నేల మీద పెట్టి, అది అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు ఒక క్షణం ఆగి, మళ్ళీ ఎత్తింది. మిట్ట మీది ఇంటాయన కిటికీలోంచి చూస్తూ, "దేవుడికి స్తోత్రం," అన్నాడు. బాలికోవా కూడా మనసులో అదే మాట అనుకున్నాడు. ఉప్పు సంగతి మరిచిపోయాడు.

ఠాణాలో వాన్యామా ఆయన కోసమే చూస్తున్నాడు. బెర్తా కుంటడం మొదలుపెట్టినప్పటి నుంచి ఫిర్యాదులు సగానికి పడిపోయి, వాన్యామా మధ్యాహ్నం నిద్ర మెరుగుపడింది.

"నడుస్తుందా బాలికోవా?"

"నడుస్తుంది అఫండే."

"నడిస్తే ఏమవుతుందో తెలుసా?"

"బతుకుతుంది."

వాన్యామా టోపీ తీసి లోపలి వైపు చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

అకిరోర్ పికప్ బండిలో వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చుట్టూ చూసే చూపులో తొందర. కొత్తగా చేరిన కానిస్టేబుల్ ఒకతను తన చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో వెళ్ళి ఎక్కడో దాక్కున్నాడు. ఎక్కడో బాలికోవాకు చెప్పలేదు. చెప్పకూడదు. దారిలో కుక్కతో మాట్లాడకూడదు, తాడు లాగకూడదు.

బెర్తా చొక్కా వాసన చూసింది. నేల వాసన చూసింది. తోక నిటారుగా లేచింది. కదిలింది.

ఊరు ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ నత్తలా నడిచిన కుక్క ఇవాళ ముక్కు నేలకు ఆనించి సూటిగా పోతోంది. వెనక పెద్దాఫీసరు, ఆ వెనక బండి. బెర్తా ఇంతకుముందు కూర్చున్న ఇళ్ళవాళ్ళు నిశ్చింతగా గుమ్మాల్లో నిలబడి వేడుక చూశారు. తీర్చవలసినది తీర్చేసుకున్నవాళ్ళు వాళ్ళు. అది ఎన్నడూ కూర్చోని ఇళ్ళవాళ్ళకే చెమటలు పట్టాయి.

ముందు ఒక రేడియో బయటికి వచ్చింది. పాడుతూనే వచ్చింది, ఆపే తీరిక కూడా లేదు కాబోలు. తరవాత ఒక గోడగడియారం. ఇద్దరు అన్నదమ్ములు చర్చి బెంచీని చెరో పక్కా మోసుకొచ్చి దారి మధ్యలో దించి, దానికి తామేమీ కానట్టు దూరంగా నిలబడ్డారు. ఒకావిడ చేతిలోని కోడిని వదిలేసింది. అది నేరుగా వచ్చి బెర్తా ముక్కు కింద నుంచి పరుగెత్తింది. బాలికోవా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కోడి ఆ పక్కన ఉంది, బెర్తా ఈ పక్కన ఉంది, జాడ మధ్యలోనే ఉంది. పారల కర్రలు, గడ్డపారలు, ఒక నిచ్చెన దారికి అడ్డంగా పడి ఉన్నాయి. బెర్తా వాటిని ఒక్కొక్కటే దాటింది, చెరకు గడలను దాటినట్టే, నాలుగు కాళ్ళూ వరసగా ఎత్తి.

"ఈ ఊళ్ళో ఇంతమంది దొంగలా?" అంది అకిరోర్ ఆయాసపడుతూ.

"దొంగలు కాదు మేడమ్," అన్నాడు వాన్యామా. "మా వాళ్ళకి నిజాయితీ కాస్త ఆలస్యంగా వస్తుంది."

జాడ చర్చి మిట్ట వైపే తిరిగింది. సగం ఎక్కేసరికి బెర్తా వేగం తగ్గింది. ఎడమ కాలు వణికింది. నడుము ఆ పక్కకు కాస్త కుంగింది. కూర్చుంటే ఏమిటో బాలికోవాకు తెలుసు. సూది ఎంత సన్నగా ఉంటుందో కూడా ఆయనకు తెలుసు, పాము కరిచిన రెండో కుక్క ఇక బతకదని డాక్టరు సూది వేసినప్పుడు తల పట్టుకున్నది ఆయనే. మాట్లాడకూడదు. లాగకూడదు. ఆయన చేయగలిగింది ఒక్కటే, అదే చేశాడు. తన నడక తగ్గించాడు. తాడు సడలింది. అంతమంది జనం ముందు, పెద్దాఫీసరు ముందు, ఎక్కడికీ తొందర లేని మనిషిలా, పెళ్ళికూతురికన్నా నెమ్మదిగా అడుగు వేశాడు. బెర్తా చెవి ఒకటి వెనక్కి తిరిగింది. ఆ అడుగుల చప్పుడు దానికి తెలుసు. నాలుగో కాలు నేలను వెతుక్కుని ఆనింది. ఒక అడుగు. ఇంకొకటి. మిట్ట అయిపోయింది.

ధాన్యం మిల్లు వెనక ఊక కుప్ప ఉంది. కుప్ప తుమ్మింది. బెర్తా దాని ఎదురుగా పోయి వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఆ రోజు అది కూర్చున్నది ఆ ఒక్కసారే. ఊకలోంచి బనీను కానిస్టేబుల్ కళ్ళు నులుముకుంటూ లేచాడు. జనం చప్పట్లు కొట్టారు. దర్జీ ఇసబిర్యే అందరికన్నా గట్టిగా కొట్టాడు.

అకిరోర్ వంగి బెర్తా తొడ నొక్కి చూసింది. కుడి తొడ నొక్కింది, మళ్ళీ ఎడమది.

"కండ రెండు పక్కలా సమానంగా వచ్చింది. ఏం చేశావు దీనికి?"

"ఏం లేదు మేడమ్. నడిచాం."

"మంచిది. సరిహద్దు ఠాణాలో కుక్క లేదు, రోజూ ఫోన్లు చేసి చంపుతున్నారు. దీన్ని చూసుకోవడానికి అక్కడొక కుర్రవాడున్నాడు, బాగా పరుగెత్తుతాడు. ఇవాళే తీసుకెళ్ళిపోతాను."

"ఇవాళేనా మేడమ్?"

"బండి ఖాళీగానే పోతోంది కదా."

ఈ సంగతి బాలికోవాకు తెలియనిది కాదు. నడిచే కుక్కను బుసాంబ లాంటి చిన్న ఊళ్ళో ఉంచరు. తెలిసినదాన్ని తలచుకోకుండా రోజు గడపడం ఆయనకు ఎప్పటి నుంచో అలవాటు, ప్రమోషన్ల జాబితాలు వచ్చినప్పుడూ అలాగే గడిపాడు. కూర్చుంటే సూది, నడిస్తే సరిహద్దు. ఆయన దాన్ని నడిపించాడు.

ఠాణా ముందు బండి ఇంజను ఆడుతుండగా కగోయా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరటాకు పొట్లం ఒకటి డ్రైవరు చేతిలో పెట్టింది.

"ఎండుచేపలు. దానికి. దారిలో నువ్వు తినకు."

"నేను తింటానా అమ్మా?"

"నీ మొహం చూస్తే తినేలాగే ఉన్నావు."

బాలికోవా బండి వెనక తలుపు దించాడు. వంగి, ఒక చెయ్యి ఛాతీ కిందా ఒక చెయ్యి తొడల కిందా పెట్టి ఎత్తబోయాడు. ఈ నెలలన్నీ ప్రతి మెట్టూ ప్రతి గట్టూ అలాగే ఎక్కించాడు. బెర్తా ఒకసారి బండి వైపు చూసింది. వెనక కాళ్ళు రెండూ ముడిచి, ఒక్క గెంతులో పైకి ఎగిరింది. ఎత్తబోయిన ఆయన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"చూశావా!" అన్నాడు ఎవరితోనో. గొంతులో గర్వం ఉంది. బండి కదిలాక కూడా చేతులు దించడానికి ఆయనకు కాసేపు పట్టింది.

సాయంత్రం నడక వేళకు కగోయా ఆయన్ని చూసి, "ఉప్పు తేలేదు. పోయి తీసుకురా," అంది. ఉప్పు పొరుగింట్లో అడిగితే దొరికేదే. ఆమె అడగలేదు.

బాలికోవా బయల్దేరాడు. చేతిలో తాడు లేదు. నడక మాత్రం అదే నెమ్మది, దాన్ని మార్చుకోవడం ఆయన వల్ల కాలేదు. బజారులో నైగాగా ఆయన్ని చూసి అరటిపండు ఒకటి చేతిలో పెట్టింది. మిల్లు దాటాక, నీలం తలుపు ఇంటి ముందుకు వచ్చేసరికి ఎక్కడో నొప్పి పుట్టింది. కాలో, ఛాతీయో ఆయనకే తెలియలేదు. ఆ ఇంటి అరుగు చివర కూర్చున్నాడు.

నీలం తలుపు తెరుచుకుంది. మంత్రసాని నకిసిగే బయటికి వచ్చింది. సగం బుసాంబను ఈ లోకంలోకి తెచ్చిన పెద్దావిడ. ఆమె ఆయన్ని చూసింది, వీధి రెండు వైపులా చూసింది, కుక్క కోసం అరుగు కింద కూడా చూసింది. లోపలికి వెళ్ళి, రెండు చేతులతో పెద్ద సత్తు గిన్నె ఒకటి మోసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.

"నేను ఊరికే కూర్చున్నానమ్మా," అన్నాడు బాలికోవా.

"కూర్చో నాయనా, కూర్చో. నీ ఉద్యోగం నువ్వు చెయ్యాలి కదా," అందామె. "ఎవరిదని మాత్రం అడక్కు. నాకు నిజంగా గుర్తులేదు. ఏదో పురుడు రోజున వచ్చింది."

ఆయన నవ్వాడు. ఆ రోజంతటిలో అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నకిసిగే అది చూడనట్టు పక్కనే కూర్చుని, అరటిపండులో సగం పుచ్చుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ వీధి చూస్తూ కూర్చున్నారు. ఎదురింటివాళ్ళు మాత్రం ఆ రాత్రి దీపం ఆర్పేసి చాలాసేపు గుసగుసలాడుకున్నారట.

గిన్నె నాదని ఎవరూ రాలేదు. పురుళ్ళు చాలా ఇళ్ళలో జరిగాయి, గిన్నెలు కూడా చాలా ఇళ్ళలో పోయాయి. ఠాణా వసారాలో చూరు కింద దాన్ని పెట్టారు. వాన పడితే నిండుతుంది, ఎండ కాస్తే కోళ్ళు వచ్చి తాగిపోతాయి. సొట్ట లేని మంచి గిన్నె, మూతతో సహా ఉంది. బుసాంబ మీదుగా పోయేటప్పుడు అది మీ కంట పడితే, ఆ నీలం తలుపు ఇంటి ముందు ఒక్కనాడూ కూర్చోని బెర్తాను ఒకసారి తలచుకోండి.